ఆఫ్రికా టికెట్ కొనేముందే ఎల్లో ఫీవర్ టీకా: విజయవాడ, గుంటూరు వాళ్లు ఎలా వేయించుకోవాలి

"ఘనాలో ఉద్యోగం వచ్చిందండీ. ఎల్లుండే ఫ్లైటు. ఆ పసుపు పుస్తకం ఇక్కడ ఎక్కడైనా ఇస్తారా?"

విజయవాడలో టికెట్లు, వీసాల పని చేసే మాకు ఈ ఫోను వస్తూనే ఉంటుంది. ఇథియోపియా యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లే గుంటూరు లెక్చరర్లు, ఎంబీబీఎస్‌కని గయానా వెళ్లే పిల్లల తల్లిదండ్రులు, కాంగోలోనో ఉగాండాలోనో కంపెనీ లెక్కలు చూసే కుర్రాళ్లు, కెన్యాలోని మసాయి మారాలో సింహాల్ని చూడాలనుకునే రిటైర్డ్ దంపతులు అందరూ అడిగేది ఇదే. వాళ్లకు నేను చెప్పేదీ ఒకటే. ఎల్లుండికి కుదరదు. ఆ పుస్తకమంటే ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్నట్టు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువపత్రం. టీకా వేయించుకున్నాక 10 రోజులు గడిస్తే తప్ప అది చెల్లదు. అందుకే ముందు టీకా, తర్వాతే టికెట్టు.

జబ్బు గురించి రెండు ముక్కలు చాలు. ఎల్లో ఫీవర్ వైరస్ దోమకాటుతో వస్తుంది. పట్టణాల్లో దాన్ని మోసుకొచ్చేది మనకు డెంగీ తెచ్చే ఈడిస్ దోమే. కుట్టిన 3 నుంచి 6 రోజుల్లో జ్వరం, తలనొప్పి, నడుంనొప్పి, వాంతులు మొదలవుతాయి. చాలామందికి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. అప్పుడు కళ్లు పచ్చబడతాయి, రక్తస్రావం అవుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ దశకు చేరినవాళ్లలో సగం మంది దాకా చనిపోతారు. వైరస్‌ను చంపే మందు లేదు, టీకా మాత్రం ఉంది. మన దేశంలో ఈ జబ్బు లేదు కానీ దోమ ఉంది. ఒక్క రోగి వైరస్‌తో దిగితే చాలన్న భయంతోనే మన ఎయిర్‌పోర్టుల్లో అంత పట్టుగా అడుగుతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2016లో అంగోలాలో ఈ జ్వరం చెలరేగినప్పుడు, అక్కడ పనిచేసి వచ్చిన 11 మంది చైనా దేశస్థులు దాన్ని ఒంట్లో పెట్టుకునే స్వదేశంలో దిగారు.

సిద్ధం చేసుకోవలసినవి

- ఒరిజినల్ పాస్‌పోర్టు, దాని మొదటి, చివరి పేజీల జిరాక్సులు. పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చి ఉంటే కొత్తది చేతికొచ్చేదాకా ఆగండి.
- ఆధార్, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. అన్నిచోట్లా అడగరు, అడిగినచోట లేకపోతే ఫొటో స్టూడియో వెతుక్కోవాలి.
- వీసా, ఆఫర్ లెటర్, అడ్మిషన్ లెటర్‌లలో ఏది ఉంటే దాని కాపీ.
- మీరు రోజూ వాడే మందుల చీటీ. 60 ఏళ్లు దాటినవాళ్లు తమ డాక్టర్ దగ్గర ఒక లెటర్ కూడా రాయించుకోండి.
- ఫీజుకు డబ్బు. ఫోన్‌పేను నమ్ముకుని వెళ్లకండి, నోట్లు కూడా ఉంచుకోండి.
- అన్నిటికంటే ముఖ్యంగా ప్రయాణానికి ముందు కనీసం నెల రోజుల వ్యవధి. టీకా వేసిన 10 రోజులకు ఎక్కువ మందికి, 30 రోజులకు దాదాపు అందరికీ రక్షణ వస్తుంది.

1. ముందు మీ దారిని కాగితం మీద రాసుకోండి

దిగే దేశం ఒక్కటే రాస్తే చాలదు. విమానం మారే ఊళ్లు, అక్కడ ఎన్ని గంటలు ఆగుతారు, తిరిగొచ్చే దారి, అన్నీ రాయండి. చిక్కులన్నీ ఇక్కడే ఉంటాయి.

ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువనున్న దేశాలు చాలావరకు ప్రమాద జాబితాలో, అంటే ఎల్లో ఫీవర్ సోకే ముప్పున్న దేశాల జాబితాలో ఉంటాయి: నైజీరియా, ఘనా, కామెరూన్, అంగోలా, రెండు కాంగోలు, ఉగాండా, కెన్యా, ఇథియోపియా, సెనెగల్ వంటివి. అటు దక్షిణ అమెరికా వైపు బ్రెజిల్, పెరూ, బొలీవియా, కొలంబియా, ఈక్వెడార్, వెనెజులా, గయానా, సురినామ్, ఇంకా పనామా, ట్రినిడాడ్ లాంటివి. దక్షిణాఫ్రికాలో, బోట్స్‌వానాలో ఈ జబ్బు లేదు. గల్ఫ్, అమెరికా, యూరప్, సింగపూర్ వెళ్లేవాళ్లకు దీనితో పనే లేదు.

2. అడిగేది ఎవరో తేల్చుకోండి: వాళ్లా, మనవాళ్లా?

దీన్ని వేర్వేరు ప్రశ్నలుగా చూడాలి. కలిపి చూసేసరికే సగం తప్పులు జరుగుతున్నాయి.

*ఆ దేశం లోపలికి రానివ్వడానికి అడుగుతుందా?* ఘనా, ఉగాండా, డీఆర్ కాంగో లాంటివి ఎవరు ఎక్కణ్నుంచి వచ్చినా అడుగుతాయి. ఉగాండాకైతే ఈ-వీసా దరఖాస్తులోనే టీకా పుస్తకం కాపీ అప్‌లోడ్ చేయాలి. అంటే టికెట్ సంగతి తర్వాత, టీకా లేకపోతే వీసా దగ్గరే బండి ఆగిపోతుంది.

*మనం తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ అడుగుతారా?* బ్రెజిల్ తన గుమ్మం దగ్గర అడగదు. ఇండియా నుంచి నేరుగా వెళితే కెన్యా కూడా అడగదు. "అడగలేదు కదా" అని టీకా లేకుండా వెళ్లి తిరిగొస్తే హైదరాబాద్‌లోనో ముంబయిలోనో హెల్త్ కౌంటర్ దగ్గర ఆపుతారు. ప్రమాద జాబితాలోని దేశాన్ని వదిలిన 6 రోజుల లోపు పుస్తకం లేకుండా ఇక్కడ దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్లకుంది. మధ్యలో దుబాయ్‌లో మూడు రోజులు షాపింగ్ చేసుకుని వచ్చినా తప్పదు, లెక్క ఆఫ్రికా వదిలిన రోజు నుంచి మొదలవుతుంది.

*పక్క దేశం అడుగుతుందా?* కెన్యా చూసి అక్కణ్నుంచి టాంజానియా, జాంజిబార్ వెళ్లే ప్యాకేజీలు మన దగ్గర బాగా అమ్ముతారు. కెన్యా నుంచి వచ్చేవాళ్లను టాంజానియా అడుగుతుంది. ప్యాకేజీ కాగితంలో ఈ ముక్క ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు.

*విమానం మారితే?* జోహన్నెస్‌బర్గ్ వెళుతూ ఆడిస్ అబాబాలో మారుతున్నారనుకోండి. ప్రమాద దేశపు ఎయిర్‌పోర్టులో 12 గంటలు దాటి ఆగి వచ్చినవాళ్లను దక్షిణాఫ్రికా పుస్తకం అడుగుతుంది. తక్కువ సేపే ఉండి, ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకపోతే మన దేశంలోనూ మినహాయింపు ఇవ్వొచ్చు, కానీ ఆ మాట తేల్చేది అక్కడున్న హెల్త్ ఆఫీసర్. చౌకగా దొరికిందని 14 గంటల ఆగుడున్న టికెట్ కొనేవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోండి.

సరిచూసుకోవడం ఇలా: కేంద్ర ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లోని దేశాల జాబితా, ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలవారీ జాబితా, మీ ఎయిర్‌లైన్ పేజీలో ప్రయాణ పత్రాల వివరాలు చూడండి. మూడింటిలో ఒకటి "కావాలి" అన్నా వేయించుకోండి. జాబితాలు మారుతుంటాయి కాబట్టి పోయినేడాది వెళ్లొచ్చిన బావగారి మాట పట్టుకోవద్దు.

3. టీకా మీకు పడుతుందా, డాక్టర్‌ను అడగండి

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అందుకే అందరికీ వేయరు. కింది వాటిలో ఏదున్నా కేంద్రానికి వెళ్లకముందే మీ డాక్టర్‌తో మాట్లాడండి, అక్కడికెళ్లాక కూడా దాచకండి.

- గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చే తీవ్రమైన అలర్జీ. టీకా తయారయ్యేది కోడిగుడ్డు పిండాల్లో. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టనివాళ్లు "నాకు అలర్జీ లేదు" అనేయకుండా, ఎప్పుడూ తినలేదని ఉన్నమాట చెప్పండి.
- క్యాన్సర్ చికిత్స, అవయవ మార్పిడి, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ లాంటి మందులు, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన హెచ్‌ఐవీ.
- థైమస్ గ్రంథి జబ్బు, లేదా దానికి ఆపరేషన్.
- గర్భం, చంటిబిడ్డకు పాలివ్వడం. టీకా వేయించుకున్నాక నాలుగు వారాలు గర్భం రాకుండా చూసుకోమంటారు.
- 60 ఏళ్లు దాటి మొదటిసారి వేయించుకోవడం. నిషేధం కాదు, కానీ అరుదైన తీవ్ర దుష్ఫలితాలు ఈ వయసులో కాస్త ఎక్కువ. మసాయి మారా మోజు, టీకా ముప్పు రెండూ తూచి డాక్టర్ చెప్పాలి, ట్రావెల్ ఏజెంటు కాదు.
- 9 నెలల లోపు పిల్లలు. 6 నెలల లోపు వాళ్లకు అసలు వేయరు.

మన జిల్లాల్లో అందరూ అడిగేది షుగరు, బీపీ గురించి. అదుపులో ఉంటే అడ్డం కాదు. మందులు మానేసి వెళ్లకండి.

ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి వేరే సజీవ టీకా ఈమధ్యే వేయించుకుని ఉంటే చెప్పండి. అదీ, ఈ టీకా ఒకేరోజు వేయాలి, లేదంటే రెండింటికీ మధ్య నాలుగు వారాల ఎడం ఉండాలి.

టీకా పడదని డాక్టర్ తేలిస్తే, వైద్య కారణాలతో మినహాయింపు పత్రం రాయించుకోవచ్చు. దాన్ని ఒప్పుకోవాలో లేదో దిగిన దేశం ఇష్టం, కాబట్టి ముందే ఆ దేశపు ఎంబసీని అడగండి. నన్నడిగితే, టీకా పడనివాళ్లు ఆ జబ్బు ఉన్నచోటికి సరదా ప్రయాణం మానుకోవడమే మంచిది.

4. కేంద్రం ఎంచుకుని, రోజు ఖాయం చేసుకోండి

మందుల షాపులో కొనుక్కుని వీధి చివర క్లినిక్‌లో పొడిపించుకునే టీకా కాదిది. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేసి ముద్ర కొడితేనే పుస్తకం చెల్లుతుంది. ఆ కేంద్రాల జాబితా ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ముందు అది తెరిచి మనకు దగ్గర్లో ఏముందో చూడండి. ఏళ్లుగా మనవాళ్లు వెళ్లే చోట్లు మూడు:

*విశాఖపట్నం, పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్.* బెజవాడ నుంచి రైల్లో సుమారు 350 కిలోమీటర్లు. ఉదయం రత్నాచల్ ఎక్కి వెళ్లిపోదాం అనుకుంటారు, కానీ అది విశాఖ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. టీకా పని సాధారణంగా పొద్దున్నే ఉంటుంది. ముందురోజు రాత్రి రైలెక్కడమే దారి.

*హైదరాబాద్, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్.* మనవాళ్లు "ఐపీఎం" అంటారు. కాచిగూడ స్టేషన్‌లో దిగితే దగ్గర. గుంటూరు వాళ్లు గోల్కొండ ఎక్కితే ఇక్కడా అదే చిక్కు, మధ్యాహ్నానికి చేరుతుంది. రాత్రి బస్సు నయం.

*చెన్నై, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్.* తెనాలి, బాపట్ల, చీరాల వాళ్లకు ఇది కూడా అందుబాటే.

రోజు ఖాయం చేసుకోకుండా బయల్దేరకండి. ఒక సీసాలో పలువురికి సరిపడా డోసులుంటాయి. ఒకసారి కలిపాక కొద్ది గంటల్లో వాడకపోతే పారబోయాల్సిందే. అందుకని చాలా కేంద్రాలు వారంలో ఫలానా రోజులనీ, ఇంతమందికనీ పెట్టుకుంటాయి. కొన్నిచోట్ల ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్, కొన్నిచోట్ల పొద్దున్నే వెళ్లి టోకెన్. ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి: ఏ రోజుల్లో వేస్తారు, ఇప్పుడు స్టాకు ఉందా, ఏ కాగితాలు కావాలి, ఫీజు ఎలా కట్టాలి. స్టాకు సంగతి బయల్దేరే ముందురోజు ఇంకోసారి అడగండి.

ఒక హెచ్చరిక. "టీకా అక్కర్లేదు, పుస్తకం ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్లు తగులుతారు. పట్టుబడితే పోయేది ప్రయాణం ఒక్కటే కాదు, దొంగ పత్రం కేసు కూడా. పట్టుబడకపోతే మరీ ప్రమాదం: జబ్బు ఉన్న ఊళ్లో ఏ రక్షణా లేకుండా, రక్షణ ఉందని రాసున్న పుస్తకం జేబులో పెట్టుకుని తిరుగుతారు.

5. టీకా రోజు

ఖాళీ కడుపుతో వెళ్లకండి, టిఫిన్ తినండి. జ్వరం ఉంటే ఆ రోజు మానుకుని వేరే రోజు తీసుకోండి. చేతిపైకి తేలిగ్గా మడవగలిగే చొక్కా వేసుకోండి. ఒక్కటే డోసు, అర మిల్లీలీటరు, చర్మం కింద ఇస్తారు. వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. రైలు టైమైందని లేచి పరుగెత్తవద్దు. అలర్జీ వస్తే ఆ అరగంటలోనే తెలిసే అవకాశం ఎక్కువ, పక్కన డాక్టర్ ఉంటారు.

6. కౌంటర్ వదలకముందే పుస్తకం చదవండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన మెట్టు ఇదే. టీకా బాగానే పడుతుంది, పుస్తకంలో రాత తప్పుతుంది. ఎయిర్‌పోర్టులో చూసేది రాతనే. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని వేలు పెట్టి ఒక్కొక్కటీ చూడండి.

- పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? మనకు ఇంటిపేరు ముందు, విదేశాలవాళ్లకు వెనక. అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే చెప్పండి.
- పుట్టిన తేదీ, జాతీయత, పాస్‌పోర్టు నంబరు.
- జబ్బు పేరు దగ్గర ఎల్లో ఫీవర్ అని రాశారా, ఖాళీగా వదిలారా?
- టీకా తేదీ. నెలను అంకెతో కాక అక్షరాల్లో రాయాలి. 05-06 అని రాస్తే ఒక దేశంలో జూన్, ఇంకో దేశంలో మే.
- టీకా తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు.
- డాక్టర్ స్వదస్తూరీతో సంతకం. రబ్బరు స్టాంపు సంతకానికి బదులు కాదు. కేంద్రం అధికారిక ముద్ర విడిగా ఉండాలి.
- మీ సంతకం. పిల్లలదైతే తల్లో తండ్రో చేయాలి. దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.
- ఎప్పటి నుంచి చెల్లుతుంది. జూన్ 5న వేయించుకుంటే జూన్ 15 నుంచి. జూన్ 14న దిగేవాళ్లకు అది చెల్లని పుస్తకమే.

కొట్టివేతలు, దిద్దుబాట్లు, వైట్‌నర్ ఉంటే పుస్తకం చెల్లకపోవచ్చు. తప్పు దొర్లితే దిద్దనివ్వకండి, కొత్తది రాయమనండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పుస్తకాలు, పిల్లల పేర్లు తల్లి పుస్తకంలో ఎక్కించడం కుదరదు.

చెల్లుబాటు జీవితాంతం. 2016 జూలై 11 నుంచి ప్రపంచమంతటా ఇదే నియమం. అంతకుముందు వేయించుకున్నవాళ్ల పుస్తకంలో పదేళ్లే అని రాసి ఉన్నా అది జీవితాంతం చెల్లుతుంది, మళ్లీ పొడిపించుకోనక్కర్లేదు, తేదీ దిద్దించనూ అక్కర్లేదు. పాస్‌పోర్టు మారి నంబరు మారితే పాత పాస్‌పోర్టు కూడా వెంట ఉంచుకోండి. పుస్తకం ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపండి. పోతే నకలు కోసం టీకా వేసిన కేంద్రానికే వెళ్లాలి, అప్పుడు తేదీ, బ్యాచ్ నంబరు ఆ ఫొటోలోనే దొరుకుతాయి.

7. ఇంటికొచ్చాక

పథ్యం ఏమీ లేదు. గోంగూర, వంకాయ, చికెన్, మీ ఇష్టం. కొందరికి కొన్ని రోజులపాటు ఒళ్లునొప్పులు, తలనొప్పి, కొద్దిపాటి జ్వరం ఉంటాయి, పారాసిటమాల్ సరిపోతుంది. చాలా అరుదుగా పది రోజుల లోపు ఎక్కువ జ్వరం, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తాయి. అలాగైతే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లి, ఫలానా తేదీన ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నానని మొదటి మాటగా చెప్పండి. నాలుగు వారాలు రక్తదానం చేయకండి.

8. అక్కడికెళ్లాక, తిరిగొచ్చాక

పుస్తకాన్ని చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి. పాస్‌పోర్టుతో కలిపి చేతిసంచిలో ఉండాలి. బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్ దగ్గరే అడగొచ్చు.

టీకా పడింది కదా అని దోమల్ని వదిలేయకండి. ఈడిస్ పగలు కుడుతుంది, కాబట్టి పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే డీట్ మందు పగలే కావాలి. ఇంకో సంగతి కూడా. ఈ టీకా మలేరియాకు పనిచేయదు. ఆఫ్రికాలో మన ప్రయాణికులకు ఎక్కువగా ఎదురయ్యే ముప్పు మలేరియా, అది తెచ్చే దోమ రాత్రిళ్లు కుడుతుంది. బయల్దేరేముందే మలేరియా నివారణ మాత్రల గురించి డాక్టర్‌ను అడిగి, వెళ్లకముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడండి. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపేసేవాళ్లు చాలామంది.

తిరిగొచ్చాక జ్వరం వస్తే ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకండి, రక్తస్రావం పెరగొచ్చు. కళ్లు పచ్చబడ్డాయని పసరు మందు కోసం ఊళ్లు తిరగవద్దు. దోమతెరలో పడుకోండి, మిమ్మల్ని కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకూడదు. గుంటూరు జీజీహెచ్‌కో విజయవాడ ప్రభుత్వాసుపత్రికో వెళ్లినా, మీ వీధి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఏ దేశంలో ఉన్నారు, ఏ తేదీన అక్కణ్నుంచి బయల్దేరారు, టీకా ఉందా లేదా అన్నవి వాళ్లు అడగకముందే చెప్పండి. చెప్పకపోతే మన దగ్గర డెంగీ, టైఫాయిడ్ పరీక్షలే ముందు రాస్తారు, మలేరియా కనుక్కోవడానికి అక్కరకొచ్చే మొదటి రోజులు వాటికే పోతాయి.